మూతపడ్డ దర్జీ కొట్టు

పొద్దుగూకాక ఆ దర్జీ కొట్టు ముందునుంచి ఎవరూ నడిచేవారు కాదు. అదేమో మంత్రగాళ్ళ ఊరు. పిల్లులు కూడా ఒకటో రెండో మంత్రాలు వచ్చిన మొహాలు పెట్టుకుని తిరిగే ఊరు. అయినా సరే... చీకటి పడిందంటే ఎంతటి మంత్రగాడికైనా అటు కాలు పడేది కాదు. బురద సందులోంచి చుట్టూ తిరిగి, చెప్పులు పాడుచేసుకుని మరీ ఇల్లు చేరేవారు.

"లోపల దర్జీ ఇంకా కుడుతూనే ఉన్నాడు" అనేవారు. ఆ దర్జీ పోయి అప్పటికే ముప్పై ఏళ్ళు దాటింది.

నేను విన్నది విన్నట్టే చెబుతాను. నమ్మడం, మానడం మీ ఇష్టం. దీపం మాత్రం ఇప్పుడే ఆర్పకండి.

ఆ ఊరికి ఒకటే బజారు. మొదట్లో చీపుళ్ళ తాత కొట్టు. ఎగిరే చీపుళ్ళూ, ఊడ్చే చీపుళ్ళూ ఒకే మూల పడేసేవాడు. ఒకసారి ఒక కొత్త కోడలు పాపం వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ ఇంటికప్పు ఎక్కేసింది. ఆ పక్కన సీసాల్లో మబ్బులు అమ్మే మబ్బుల మామయ్య. నడిమధ్యలో టీ కొట్టు, దాని ముందు పొడవాటి బల్ల. ఊళ్ళో ఎవరికి ఏం జరిగినా ఆ బల్ల మీద తేలాల్సిందే. బజారు చివర రొట్టెల కొట్టు. దానికీ దర్జీ కొట్టుకూ మధ్య ఒకటే గోడ.

ఒంటిమీద వేసుకుంటే మనిషి కనబడకుండా పోయే అంగీలు కుట్టేవాడు ఆ దర్జీ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో కొట్లకు తాళాలుండవు, మూత ఉంటుంది. సాయంత్రం తలుపు దగ్గరగా వేసి, దాని మీద అరచెయ్యి ఆనించి ఒక మాట అంటారు. అంతే... లోపల పొద్దు ఆగిపోతుంది. ఎక్కడి ఆవిరి అక్కడే, ఎక్కడి ఈగ అక్కడే. మూత వేసేముందు పొయ్యిలోంచి తీసిన రొట్టె, తెల్లారి మూత తీసి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఏ చెయ్యి వేసిన మూత ఆ చెయ్యే తీయాలి. ఇంకొకరి వల్ల కాదు.

అందుకే మూత వేసేముందు గుమ్మంలో నిలబడి, "లోపల ఎవరన్నా ఉన్నారా?" అని మూడుసార్లు పిలవాలి. అది ఆ ఊరి కట్టుబాటు. ఎవరూ పిలవకపోబట్టి ఒకప్పుడు ఒక పిల్లి లోపల ఉండిపోయిందట. వానలకు ముందు లోపలికెళ్ళింది, వానలు వెలిశాక బయటికొచ్చింది. తన కూనలు తనంత అయి తిరుగుతుంటే గుర్తుపట్టక, వాటిమీదే గుర్రుమందట. ఈ ముక్క చెప్పుకుని బల్ల మీద అందరూ నవ్వేవారు.

దర్జీ కొట్టుకు మూత వేసింది రొట్టెలావిడ.

ఆ రోజు మధ్యాహ్నం దర్జీకి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. సాయంత్రం దాకా ఎలాగో కూర్చుని, తెప్పించుకున్న టీ కూడా తాగకుండా లేచాడు. కాస్త మూత వేసేయమని పక్క కొట్టావిడకు చెప్పి ఇంటికెళ్ళి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. నా అన్నవాళ్ళు లేని మనిషి. పోయినవాడి కొట్టు ఏడాది తిరిగేదాకా తెరవకూడదని పెద్దలన్నారు. ఆ ఏడాది తిరక్కుండానే కొట్టుకు చెడ్డపేరు వచ్చేసింది.

ఆ రోజే రొట్టెలావిడ మొగుడు కూడా కనబడకుండా పోయాడు.

అతన్ని ఊళ్ళో అలకలాయన అనేవారు. మంచివాడే, నవ్వించేవాడే. కానీ మాట పడితే చాలు, మూతి ముడుచుకుని ఎక్కడో ఒకచోట కూర్చునేవాడు. ఆకలి వేసేసరికి అలక తీరేది. తనే గొంతు సవరించుకుని, ఏమీ జరగనట్టు వచ్చి పక్కన కూర్చునేవాడు. ఆ రోజు పొయ్యిలో రొట్టెలు వదిలేసి బల్ల మీద కబుర్లలో పడ్డాడు. రొట్టెలన్నీ బొగ్గులయ్యాయి. ఆవిడకు అప్పుడు మూడో నెల. పొద్దుటినుంచీ తల తిరుగుతోంది, ఏదీ లోపల నిలవడం లేదు. ఆ చిరాకులో నలుగురి ముందూ అనేసింది.

"ఈ పూటకి నీ మొహం నాకు చూపించకు."

"చూపించను" అన్నాడతను. "నువ్వు పిలిచినా పలకను."

లేచి వెళ్ళిపోయాడు. అదే ఆఖరు.

అలిగి వేరే ఊరు పోయాడన్నారు కొందరు. ఇంకెవత్తెనో చూసుకున్నాడన్నారు ఇంకొందరు. ఆవిడ ఎవరికీ ఎదురు చెప్పలేదు. కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్ళయి ఇద్దరు పిల్లల తల్లయింది, కొట్టు పని అందుకుంది. పొయ్యి సెగకూ పిండి పిసుకుడుకూ ఆవిడ నడుం వంగిపోయింది, తల ముగ్గుబుట్టయింది. కానీ రాత్రి పడుకుంటే ఆ మాట వచ్చి గుండె మీద కూర్చునేది. అతను పోయినందుకు కాదు... తన నోటినుంచి అతను విన్న ఆఖరు మాట అదైనందుకు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఆవిడ కోరిక. ఎవరి దగ్గర తీసుకుంటుంది?

ఇక ఆ చప్పుళ్ళ సంగతి.

ఎంత గట్టి మూతయినా అమావాస్య రాత్రి ఒక్క రెప్పపాటు వదులవుతుంది. మామూలుగా ఎవరికీ తెలియదు. రొట్టెలావిడకు తెలుసు, మర్నాడు రొట్టెలో వేడి ఒక పిసరు తగ్గుతుంది కాబట్టి. దర్జీ కొట్టులోంచి చప్పుళ్ళు వచ్చేది ఆ రాత్రుల్లోనే. అదీ ప్రతి అమావాస్యకూ కాదు. నెలలకు నెలలు ఏమీ ఉండదు. మరిచిపోయామనుకునేసరికి... ఏదో ఒకటి.

మొన్నటి అమావాస్యకు తలుపు మీద ఎవరో కొట్టారు. లోపలినుంచి.

ఆ గోడ పక్కనే పడుకున్న మనవలిద్దరూ కెవ్వుమని లేచారు. తెల్లారాక కూతురు గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. మెల్లగానే అంది, కానీ తేల్చి చెప్పింది.

"నువ్వు వేసిన మూతే కదమ్మా. తీసి, లోపలున్నదేదో పంపించెయ్. లేదంటే పిల్లల్ని తీసుకుని నేను పోతాను."

ఉన్న ఒక్క కూతురూ పోతానంటే ఇక ఆవిడకు మిగిలేదేముంది?

ఆ సాయంత్రం రొట్టెల బుట్ట పట్టుకుని టీ కొట్టుకు వెళ్ళింది. బల్ల మీద అదే కబురు. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో తాను విన్నానని చీపుళ్ళ తాత మొదలుపెట్టాడు... ఖళ్ళుమని ఒక దగ్గు. కాదు, స్టూలు జరిపిన చప్పుడన్నాడు మబ్బుల మామయ్య. అది అతను విన్నది, చాలా ఏళ్ళ తర్వాత. టీ కొట్టు వదిన అడుగుల చప్పుడు వింది. మొదట లోపలెక్కడో, తర్వాతెప్పుడో ఇంకాస్త ఇవతలగా.

రొట్టెలావిడ బుట్ట దించి అడిగింది.

"ఆ దగ్గు మళ్ళీ ఎప్పుడన్నా వినబడిందా?"

తాత ఆలోచించాడు. లేదన్నాడు. స్టూలు? మామయ్య తల అడ్డంగా ఊపాడు. ఒకసారే.

దెయ్యమైతే చేసిందే చేస్తుంది. ఉరేసుకున్నది ఉరే వేసుకుంటుంది, ఏడ్చేది ఏడుస్తూనే ఉంటుంది. ఇదేమిటి... దగ్గింది. లేచింది. నడిచింది. ఇప్పుడు తలుపు దాకా వచ్చింది.

ముప్పై ఏళ్ళుగా, అమావాస్యకో రెప్పపాటు చొప్పున, ఎవరో స్టూలు మీదనుంచి లేచి తలుపు దగ్గరికి వస్తున్నారు.

ఆవిడ బుట్ట అక్కడే వదిలేసి బజారు చివరకు నడిచింది. వదిన వెనకనుంచి పిలుస్తూనే ఉంది, తెల్లారనీ, పొద్దున చూద్దాం అని. ఆవిడ ఆగలేదు. ఆగితే మళ్ళీ ముప్పై ఏళ్ళు పడుతుందని ఆవిడకు తెలుసు.

దీపాలు పెట్టే వేళ దాటింది. దర్జీ కొట్టు తలుపు మీద దుమ్ము పొరలు పొరలుగా ఉంది. ఆ దుమ్ములో కూడా చెయ్యి ఎక్కడ ఆనించిందో ఆవిడకు గుర్తే. గుమ్మంలో నిలబడగానే ఆ సాయంత్రమంతా తిరిగొచ్చింది. కోపంతో బుసలు కొడుతూనే ఉంది తను అప్పుడు. కట్టుబాటు కదా అని మూడుసార్లూ గబగబా పిలిచింది. "లోపల ఎవరన్నా ఉన్నారా?" ఎవరూ పలకలేదు. తొంగి చూసింది, ఎవరూ లేరు. మాడిన రొట్టె వాసన మాత్రం వేసింది... తన చీరదే అనుకుంది.

తన చీరదే అనుకుంది.

అరచెయ్యి తలుపు మీద ఆనించింది. లోపల ఏముందో... శవమో, శవం కానిదో. మూత తీసే మాట అంది.

తలుపు కదిలింది.

చీకటి వీధిలోకి ఎండ పడింది. అవును, ఎండే. సాయంకాలపు పసుపు పచ్చని ఎండ, దర్జీ కొట్టు వెనక కిటికీలోంచి వచ్చి, గుమ్మం దాటి, ఆవిడ కాళ్ళ మీద పడింది. లోపల బల్ల మీద గ్లాసులో టీ పొగలు కక్కుతోంది. సగం కుట్టిన అంగీ చెయ్యి కింద సూది ఇంకా ఊగుతోంది. ఒక స్టూలు పక్కకు జరిపి ఉంది.

మనిషి లేడు.

కానీ గుమ్మంలో, ఆవిడ మొహానికి జానెడు దూరంలో... ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

ఆవిడ అరవలేదు. వెనక కిటికీలో ఎండ చూస్తుండగానే పలచబడి, ఆరిపోయి, లోపలా బయటా ఒకటే చీకటైంది. ఆ చీకట్లోంచి ఒక గుసగుస వచ్చింది.

"అబ్బ... బతికించావు అవ్వా."

ఆ గొంతు. ముసలిదవలేదు, అరగలేదు, ఎక్కడా మారలేదు. నిన్న విన్నట్టే ఉంది.

"మా ఆవిడ చూసుకోకుండా మూత వేసేసింది. పిలిచిందిలే, నేనే పలకలేదు. పంతం" అని నవ్వింది ఆ గొంతు. "మొహం చూపించకు అంది కదా, ఈ అంగీ తొడుక్కుని వెళ్ళి ఆటపట్టిద్దామనుకున్నా. ఇదేమిటి, అప్పుడే ఇంత చీకటి పడిందా?"

రొట్టెలావిడ చెయ్యి చాపింది. గాలిలో గుడ్డ తగిలింది. గుడ్డ కింద చెయ్యి. వెచ్చగా, గట్టిగా ఉంది, పాతికేళ్ళ కుర్రాడి చెయ్యి. ముప్పై ఏళ్ళుగా నాలుక మీద పెట్టుకు తిరిగిన మాట ఉంది కదా, అది ఇప్పుడు రాలేదు. పెదవులు కదిలాయి, అంతే.

"ఏడుస్తున్నావేం అవ్వా? నిన్నూ భయపెట్టేశానా?" గొంతు ఇంకా తగ్గించాడు. "ఒక్క సంగతి చెప్పు. రొట్టెల కొట్టావిడ ఇంకా కోపంగానే ఉందా? అసలే వట్టి మనిషి కాదు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. ఈసారికి నేనే ముందు మాట్లాడేస్తాలే. నాదేం పోయింది?"

"లేదు..." అంది ఆవిడ. ఒక్క మాటే వచ్చింది. "కోపం లేదు."

"నీకెలా తెలుసు అవ్వా?"

అంతలో పక్క తలుపు చప్పుడైంది. అమ్మ చీకట్లో ఎవరితో మాట్లాడుతోందోనని కూతురు దీపం పట్టుకుని బయటికొచ్చింది. అచ్చు తల్లి పోలిక. అవే కళ్ళు, అదే నిలబడడం, నడుముకు దోపిన పిండి గుడ్డ కూడా అదే.

గాలిలో, తల మీదుగా కప్పుకున్న అంగీ ముసుగు వెనక్కి జారింది. మొహం ఒక్కటే కనబడింది. మీసాల మీద పిండి ఇంకా అంటుకునే ఉంది. ఆ కళ్ళు ముసలావిడ తల మీదుగా దీపం వైపు చూశాయి. చూసి, తప్పుచేసిన పిల్లాడిలా నవ్వాయి. గొంతు సవరించుకున్నాడు... ఖళ్ళుమని.

"అవ్వా, కాస్త జరుగు" అన్నాడు మెల్లగా. "మా ఆవిడ వచ్చింది."

ఆవిడ జరిగింది.