కుర్చీలాయన కూర్చున్న రోజు

తాళలేక తాళం వేసింది కుర్చీలావిడ.

పెళ్ళైన నాటినుంచి మొగుడి పాటకు తాళం వేస్తూ వచ్చిన మనిషి, ఇవాళ పొద్దున్నే గోదాము తలుపుకు తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో బిగించి, గుమ్మంలో అడ్డంగా బైఠాయించింది. బయట వ్యాను గుర్రుమంటోంది. సామాను ఎక్కించేవాళ్ళు చేతులు కట్టుకుని చోద్యం చూస్తున్నారు. ఇంట్లో ఫోను మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. కుర్చీలాయన కాలుకాలిన పిల్లిలా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“ఇలా ఇవ్వు” అన్నాడు చెయ్యి చాపి.

“ఇవ్వను.”

“బడివాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారే.”

“చెయ్యనివ్వండి. గంట కొట్టడం వాళ్ళకి అలవాటేగా.” ఆమె గుప్పిట ఇంకాస్త బిగించింది. “పది కుర్చీలు ఇంట్లో ఉంచండి. నా కూతురి పుట్టినరోజుకి... పదంటే పదే. ఉంచుతానని చెప్పండి, తాళంచెవి మీ చేతిలో పెడతాను.”

ఆయన వ్యాను వైపు చూశాడు.

ఆ ఇంటి వ్యాపారం సభలకూ శుభకార్యాలకూ కుర్చీలు, బల్లలు, మైకు అద్దెకివ్వడం. పెద్దవాళ్ళ కుర్చీ ఒక్కటి కదిలితే పేపరువాళ్ళు పేజీలు నింపుతారు. రోజూ వందల కుర్చీలు కదిలించే ఈయన గురించి ఒక్క ముక్క రాసినవాడు లేడు. మడత కుర్చీల కొంప కాబట్టి మడతపేచీలకు ఎప్పుడూ లోటు లేదు. కానీ ఏడాదిలో ఈ తేదీ ఒక్కటి ఆ ఇంటి ప్రాణం తీసేది. బడి పెట్టిన రోజు అదే. పాత బజారు తగలబడినప్పుడు మంటలార్పబోయిన నలుగురు తిరిగిరాని రోజూ అదే. అగ్నిమాపక కేంద్రంలో ఏటా వాళ్ళ సంస్మరణ. లైబ్రరీ వార్షికోత్సవం అదే. ఊళ్ళో సగం మందికి సంగీతం నేర్పిన మాస్టారి పుట్టినరోజు అదే. ఇవి చాలవన్నట్టు మున్సిపాలిటీవాళ్ళు చెట్లు నాటే ఉత్సవాన్ని కూడా తెచ్చి ఈ తేదీలోనే నాటారు. ఇన్నింటి మధ్య ఇరుక్కుని, ఇరవై ఒక్కేళ్ళ కిందట, పిచ్చుక పుట్టింది. పొద్దున లేస్తే కిచకిచలాడే పిల్ల కాబట్టి నాయనమ్మ పెట్టిన ముద్దుపేరు అది.

ఆ రోజున ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ ఉండే కుర్చీలతో సహా అన్నీ వ్యానెక్కేవి. పుట్టినరోజుకి వచ్చిన స్నేహితులు మెట్ల మీద, కిటికీ గట్ల మీద, బియ్యం డ్రమ్ము మీద కూర్చునేవారు. నిరుడు కాలేజీ ప్రిన్సిపాల్ అంతటావిడ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఏమాత్రం హోదా తగ్గకుండా కేకు తింది. తల్లి సిగ్గుతో చచ్చిపోయింది. నలుగుర్నీ కూర్చోబెట్టే ఇంట్లో నలుగురికి కూర్చునే చోటు లేకపోవడం... ఆరేళ్ళప్పుడు ఆ పిల్ల పుట్టినరోజు పూట పుట్టెడు దుఃఖంతో వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రాత్రే తల్లి మనసులో ఒట్టు పెట్టుకుంది, ఒక్క పుట్టినరోజైనా నా బిడ్డని మంచి కుర్చీలో కూర్చోబెడతానని. ఏటికేడు ఆ ఒట్టు ఒట్టిదే అవుతూ వచ్చింది. ఇప్పుడు పిచ్చుకకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఎల్లుండి బండెక్కుతుంది. ఇంక మిగిలిన పుట్టినరోజు ఇదొక్కటే.

“ఎక్కణ్ణించి తగ్గించను?” అన్నాడాయన మళ్ళీ ఆమె వైపు తిరిగి. “ఫైర్ స్టేషన్లోనా? చనిపోయినవాళ్ళ అమ్మలొస్తారు. వాళ్ళల్లో ఎవర్ని నిలబడమంటావు?”

“ఎవరెవరి తల్లుల గురించో ఆలోచిస్తారు. ఈ తల్లి గురించి ఎవరాలోచిస్తారండీ?”

“మాటిచ్చాను.”

“నాకూ ఇచ్చారు. నిరుడు. అంతకుముందేడూ.”

వరండాలోంచి అత్తగారు దగ్గింది. “మాట మీద నిలబడే మనిషిని కట్టుకున్నావు కదే. వాడికి నిలబడ్డమొక్కటే వచ్చు. వాళ్ళ నాన్నా అంతే.”

నిజమే. అద్దెకిచ్చిన కుర్చీ ఆ పూటకి మనది కాదు, అందులో మనం కూర్చోకూడదు అన్నది మామగారు పెట్టిన నియమం. సభ ఎంత సేపైనా సరే, కొడుకు వెనకాల మైకు పెట్టె పక్కన నిలబడే ఉంటాడు. ఖాళీ కుర్చీలు వరసగా రమ్మంటున్నా కన్నెత్తి చూడడు.

అప్పుడు తలుపు చప్పుడైంది. తడి జుట్టుతో పిచ్చుక వచ్చి తల్లి పక్కన గుమ్మం మీద చతికిలబడింది.

“అమ్మా, ఈ ధర్నా నాకోసమేనా?”

“నీకోసం కాకపోతే నాకోసమా? ఆరేళ్ళప్పుడు కుర్చీ లేదని ఎంత ఏడ్చావే... ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది తల్లీ.”

పిచ్చుక తల్లి ముఖంలోకి వింతగా చూసింది. “కుర్చీ లేదని ఏడ్చానా? ఎవరు చెప్పారు?”

“ఎవరో చెప్పాలా? నేను కన్నతల్లిని.”

“నాన్న కోసం ఏడ్చానమ్మా. కేకు ముక్క నిలబడే నా నోట్లో పెట్టాడు, నిలబడే చెయ్యి తుడుచుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బడి ఫంక్షన్లో నువ్వు నన్ను ముందు వరసలో కూర్చోబెడితే, నేను వెనక్కి తిరిగి చూశాను. అందరూ కూర్చునున్నారు. ఈయన ఒక్కడే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ...” ఆమె తడి జుట్టు వెనక్కి తోసుకుంది. “బకెట్ల మీద, డ్రమ్ముల మీద నాకు బాగానే ఉంటుంది. నా పుట్టినరోజున మా నాన్న కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. అదొక్కటే.”

కుర్చీలావిడ గుప్పిట్లోని తాళంచెవి వైపు చూసుకుంది. ఇన్నేళ్ళు తను ఏ లోటు తీర్చాలని కుమిలిపోయిందో, అది పిల్లకి లోటే కాదు! కళ్ళు నిండాయి. అయినా, నిండిన కళ్ళతోనే నిటారుగా లేచి, గోదాము తాళం తీసింది.

“అన్నీ ఎక్కించండి” అంది బయటివాళ్ళతో. “ఒక్క కుర్చీ తప్ప.”

ఆ ఒక్కదాన్ని తనే చంకలో పెట్టుకొచ్చి హాలు మధ్యలో ధడేలున విప్పింది. “మీరు కూర్చోండి.”

“పిచ్చా నీకు? సభల దగ్గర ఎవరుంటారు?”

“నేనుంటాను.”

“మైకు సంగతి నీకేం తెలుసు?”

“పెళ్ళైనప్పటినుంచీ మీ అమ్మగారి గొంతు ఏ మీటా లేకుండా సర్దుకొస్తున్నాను. మైకు ఓ లెక్కా?”

“విన్నానే కోడలా” అంది అత్తగారు వరండాలోంచి. “నాకు కరెంటు కూడా అక్కర్లేదు.”

ఆయన కూర్చున్నాడు. కూర్చున్నాడంటే, ముళ్ళ మీద కూర్చున్నట్టు అంచున ఆనుకున్నాడు. కూతురు వచ్చి భుజాలు పట్టి వెనక్కి వాల్చింది. వ్యాను కదులుతుంటే కుర్చీలావిడ తలుపులోంచి చూసింది. తన కుర్చీకి వెన్ను ఉంటుందని ఆ మనిషికి అప్పుడే తెలిసినట్టుంది.

అగ్నిమాపక కేంద్రంలో కుర్చీలు సర్దేసరికి ఒకటి తగ్గింది. అధికారి దగ్గరకొచ్చాడు. “మీ ఆయన రాలేదేమమ్మా? ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉన్నారు. ఇవాళ కూర్చున్నారు.” ఆమె తడబడకుండా చెప్పింది. “ఆ కుర్చీయే మీకు తక్కువైంది. తప్పు నాది, అద్దెలో తగ్గించుకోండి.”

అధికారి ఒక్క క్షణం చూసి, వేదిక మీదున్న తన కుర్చీని స్వయంగా దింపి, ముందు వరస చివర వేశాడు. ఒక ముసలి తల్లి వచ్చి అందులో కూర్చుంది. “ఇన్నేళ్ళూ ఆయన నిలబడ్డాడుగా. ఈ పూట నేను నిలబడతాలెండి” అన్నాడు అధికారి.

పేర్లు చదువుతుంటే కుర్చీలావిడ మైకు పెట్టె పక్కన నిలబడింది. అక్కణ్ణించి ఎవరి ముఖాలూ కనబడవు, వీపులే కనబడతాయి. పాదాలు మండాయి. ఆ తర్వాత బడి, లైబ్రరీ, మాస్టారిల్లు... పిక్కలు రాళ్ళయ్యాయి. ఇంటికొచ్చి ఆయన కాళ్ళు చాపుకుని మాట్లాడకుండా పడుకున్న సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. పొగరనుకుంది, పట్టనితనమనుకుంది... ఇదా సంగతి!

పొద్దువాలుతుండగా ఇంటికి చేరింది. కొయ్యని కేకు బల్ల మీద ఎదురుచూస్తోంది. స్నేహితులు మెట్ల నిండా ఉన్నారు. హాలు మధ్యలో కుర్చీలాయన, ఆయన మోకాలికి తలానించి నేల మీద పిచ్చుక. ఇద్దరూ ఎందుకో పగలబడి నవ్వుతున్నారు. ఆయన నవ్వితే పన్ను మీద పన్ను కనబడుతుందని ఆమె మర్చిపోయి ఎన్నాళ్ళైందో.

భార్యని చూసి ఆయన లేచాడు.

“కూర్చోండి, కూర్చోండి. లేస్తే ఊరుకోను.”

“రోజంతా కూర్చున్నాను. ఇక నీ వంతు.” ఆమె చెయ్యి పట్టి కుర్చీ దగ్గరికి నడిపించాడు. “నువ్వు కూర్చోగా నేనెప్పుడు చూశానే? వంటింట్లో నిలబడి, వాకిట్లో నిలబడి... నాకైతే మైకు పెట్టె ఉంది ఆనుకోడానికి. నీకు అదీ లేదు.”

ఆమె కూర్చుంది. రోజల్లా ఊరిని సర్దిన మనిషి పెదవులు సర్దుకోలేకపోయింది.

“కుర్చీలు... వెనక్కి తేవాలి కదండీ” అంది.

“అది నేనూ నాన్నా చూసుకుంటాం. ముందు కేకు” అంది పిచ్చుక కత్తి అందుకుని. మొదటి ముక్క తల్లి నోట్లో పెట్టింది. తండ్రీ కూతుళ్ళు వ్యానెక్కారు. వెనకాలే స్నేహితుల మందంతా ఎక్కింది.

ఇంజను చప్పుడు వీధి మలుపు తిరిగింది. అత్తగారు వరండాలోంచి నెమ్మదిగా వచ్చి, బోర్లించిన బకెట్టు ఒకటి కోడలి కాళ్ళ ముందుకు తోసింది.

“ఊరికే కూర్చుంటే ఎలాగే? కాళ్ళు చాపుకో.”

కుర్చీలావిడ వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుంది.