కురుత్ మీద బొటనవేలి గుంట

ఖుద్రత్ కాలికి ఏ దెబ్బా తగల్లేదు. గొడ్డలి జారిందని అబద్ధం చెప్పి, మడమకు గుడ్డ చుట్టుకుని, కొండల పైన పామీర్ మేతబీళ్ళలో చలికాలమంతా ఊరి పశువులను కాసే తన వంతుకు అన్నను పంపించాడు. ఆ చలికాలమే అన్న హసిల్ షా భార్య నిగిన్ చనిపోయింది. కనుమ మంచుతో మూసుకుపోయి కబురు కూడా అందలేదు. వసంతంలో హసిల్ షా ఊరి జడల బర్రెలను తోలుకుని కిందికి దిగేసరికి సమాధి మీద మట్టి అప్పటికే కుంగిపోయి ఉంది. తమ్ముడు మడమకు గుడ్డతోనే, కుంటకుండా ఎదురొచ్చాడు. గుడ్డ విప్పి చూపించమంటే తల దించుకున్నాడు. విప్పితే మడమ మీద గీత కూడా లేదు.

ఇందులో తేలాల్సింది ఏమీ లేదు. తను ఊళ్ళో ఉంటే నిగిన్‌ను బతికించుకునేవాడు. ఆరు చలికాలాలుగా హసిల్ షా తమ్ముడి గడప తొక్కలేదు. వాడి ఇంటి ముద్ద ముట్టలేదు. రెండు ఇళ్ళకూ మధ్య ఒక్క రాతిగోడే అడ్డం.

ఈ ఏడు పామీర్ వంతు హసిల్ షా కొడుకు తైగున్‌ది. ఊరి బర్రెలన్నిటితో పాటు మరో అయిదుగురితో పైనే ఉన్నాడు. ఇంట్లో మిగిలింది మామ, కోడలు. పశువుల కోత జరిగి నాలుగు రోజులైంది. చలికాలానికని ఒక ఎద్దును కోశారు. మాంసం కొట్టుగదిలో దూలాలకు వేలాడుతోంది. బార్లీ ఉంది, బఠాణీ ఉంది, వెన్న ఉంది, పిడకలు గోడెత్తు ఉన్నాయి. ఉప్పు, టీ తప్ప ఆ లోయలోకి బయటినుంచి వచ్చేది ఏమీ లేదు.

ఆ పొద్దున కోడలు జేబా పిండిని పల్చగా ఒత్తి, మడతపెట్టి, సన్నటి తీగల్లా తరుగుతోంది. పొయ్యి మీద ఎముకల చారు మరుగుతోంది. చారులో కలపడానికి కురుత్ నూరడం హసిల్ షా పని. ఎండబెట్టిన మజ్జిగ ఉండలు అవి, రాయిలా ఉంటాయి. గోరువెచ్చటి నీళ్ళు పోసి చెక్కగిన్నెలో అరగంట రుద్దాలి. అతను సంచిలోంచి ఒక ఉండ తీసి, గిన్నెలో వేయబోయి ఆగాడు.

"ఇదెవరిది?"

"కురుత్, మామయ్యా."

"కురుత్ అని నాకూ తెలుసు. ఎవరిదని అడుగుతున్నా."

నిగిన్ కురుత్‌ను పిడికిట్లో పెట్టి నొక్కేది. నాలుగు వేళ్ళ గుర్తులు పడేవి. అత్త దగ్గర నేర్చుకున్న జేబా కూడా అలాగే నొక్కుతుంది. ఈ ఉండ గుండ్రంగా ఉంది. నడుమ బొటనవేలి గుంట ఉంది. ఊళ్ళో అలా గుంటపెట్టే ఆడది ఒక్కతే. ఖుద్రత్ పెళ్ళాం బేగిం.

"ఎలుకలు తెచ్చి ఉంటాయి," అంది జేబా, తల ఎత్తకుండా.

"ఎలుకలు పట్టుకుపోతాయి. తెచ్చిపెట్టవు."

"మనింట్లో ఎలుకలు మంచివి."

హసిల్ షా నవ్వలేదు. "మన గిన్నె ఆ ఇంటికి వెళ్ళింది. వచ్చిన గిన్నెను ఉత్తగా పంపకూడదని ఆ బేగిం కురుత్ పోసి పంపింది. అంతేనా? నువ్వేం పెట్టి పంపావు?"

కత్తి ఆగింది.

అతను లేచాడు. కొట్టుగది ఇంటి ఆడదాని పెత్తనం. మగవాళ్ళు అందులో అడుగుపెట్టరు. నిగిన్‌తో కాపురం చేసిన ఇరవై ఎనిమిదేళ్ళలో అతను ఒక్కసారి కూడా పెట్టలేదు. ఇవాళ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. దూలాల కింద నిలబడి చూశాడు. వెనక తొడలు రెండు ఉన్నాయి. కుడి ముందుకాలు ఉంది. ఎడమ ముందుకాలు లేదు.

ఊరి ఆచారంలో ఎడమ ముందుకాలు తోడబుట్టినవాడి వాటా.

"మూడు కాళ్ళ ఎద్దును కోశామా మనం?" బయటికొచ్చి అడిగాడు.

"కొట్టుగదిలోకి ఎందుకు వెళ్ళారు?"

"నా ఇల్లు."

"ఇల్లు మీదే. కొట్టుగది నాది. అత్తయ్య నా చేతికిచ్చి పోయింది."

"ఆ అత్తయ్యను చంపినవాడికే కాలు పంపావు. ఎన్నాళ్ళనుంచి?"

"ఆరేళ్ళనుంచి."

ఆమె అంత తేలిగ్గా చెప్పింది. హసిల్ షా పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగాడు. "నా తిండి తింటూ, నా కప్పు కింద పడుకుంటూ, నా శత్రువును మేపుతున్నావన్నమాట. తైగున్‌కి తెలుసా?"

"తెలీదు."

"మొగుడికీ చెప్పలేదు. భేష్. మీ నాన్న బాగా పెంచాడు."

"మా నాన్నను లాగకండి, మామయ్యా. నన్నేమైనా అనండి, పడతాను. వాటా మాత్రం ఆపను."

"ఎందుకు ఆపవు?"

"ఆపొద్దని మాట తీసుకున్నవాళ్ళున్నారు. అంతకుమించి నేను చెప్పను. అడగాలనుంటే గోడ అవతలికెళ్ళి అడగండి. అయినా మీకు అడగడం ఎక్కడొచ్చు, తీర్పు చెప్పడమే గానీ."

"అడగను. నా కాలు నేను తెచ్చుకుంటా."

టోపీ కూడా పెట్టుకోకుండా బయటికి నడిచాడు. మంచు మోకాళ్ళ దాకా ఉంది. వెనక జేబా పిండి చేతులతోనే పరుగెత్తుకొస్తోంది.

ఖుద్రత్ పొయ్యి పక్కన ఉన్ని దువ్వుతున్నాడు. అన్న గుమ్మంలో కనబడగానే లేచి నిలబడ్డాడు. బేగిం రొట్టె ఒత్తుతోంది. గడప దాటిన చుట్టం భుజాన చిటికెడు పిండి అద్దడం అక్కడి మర్యాద. అలవాటుగా ఆమె చెయ్యి పైకి లేచింది. హసిల్ షా పక్కకు జరిగాడు.

"నేను చుట్టాన్ని కాదు. నా మాంసం ఎక్కడ?"

ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దూలానికి వేలాడుతోంది. అతను చేతులెత్తి దాన్ని దించాడు. బరువుకు కొంచెం తూలాడు. తమ్ముడు పట్టుకోబోయాడు.

"ముట్టుకోకు."

ఖుద్రత్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. "తీసుకెళ్ళు అన్నా. మంచిది."

"మంచో చెడో నిన్ను అడగలేదు. సిగ్గులేదురా నీకు? మీ వదిన పెట్టిన బువ్వ తిని పెరిగావు. ఆవిణ్ణే చంపి ఇప్పుడు ఆవిడ ఇంటి మాంసం కూడా తింటున్నావు."

ఖుద్రత్ తల వంచుకున్నాడు. బేగిం మాత్రం రొట్టె పీటను పక్కకు నెట్టింది.

"తీసుకెళ్ళండి బావగారూ. ఆ కాలితో పాటు ఈయన కాలు కూడా ఇంకోసారి చూసి వెళ్ళండి."

"చూశాను. ఆరేళ్ళ కిందటే చూశాను."

"నువ్వు ఊరుకోవే," అన్నాడు ఖుద్రత్.

"ఊరుకోను. ఆరేళ్ళు ఊరుకున్నా. నా కూతురి పెళ్ళికి పెదనాన్న రాలేదు. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళింది. నీళ్ళకెళ్తే నన్ను దొంగకాలోడి పెళ్ళాం అంటారు. మాట ఇచ్చింది నువ్వు. నేనివ్వలేదు." ఆమె బావగారి వైపు తిరిగింది. "ఆ గుడ్డ ఎవరు చుట్టారో ఎప్పుడైనా అడిగారా? ఈయన చుట్టుకోలేదు. మీ ఆవిడే చుట్టింది. మీరు గడ్డికి వెళ్ళినప్పుడు, మీ ఇంట్లో, మీ పొయ్యి పక్కన కూర్చోబెట్టి చుట్టింది. ముడి కూడా తనే వేసింది."

హసిల్ షా చేతిలో మాంసం అలాగే ఉంది. "అబద్ధం."

"ఆ రోజు నేనూ ఉన్నా, మామయ్యా," అంది గుమ్మం దగ్గరనుంచి జేబా. "గుడ్డ చింపి ఇచ్చింది నేను."

హసిల్ షా తమ్ముడి వైపు తిరిగాడు.

"చెప్పరా," అన్నాడు హసిల్ షా.

ఖుద్రత్ కింద కూర్చున్నాడు. అన్న ముఖం చూడకుండా చెప్పాడు. "వదినకు కడుపులో గడ్డ. ఎండాకాలంనుంచే ఉంది. చేత్తో తడిమితే తెలిసేది. నువ్వు చూడకుండా దుప్పట్లు ఎక్కువ చుట్టుకునేది. వదిన చిన్నప్పుడు వాళ్ళమ్మకూ ఇలాగే వస్తే, గిల్గిత్ ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న పదకొండు బర్రెలూ అమ్మేశాడు. అమ్మా రాలేదు, బర్రెలూ రాలేదు. పాలు లేవు, పిడకలు లేవు, ఉన్ని లేదు. పిల్లలు తలో ఇంటి పొయ్యి దగ్గరా పెరిగారు. 'మీ అన్నకు తెలిస్తే అదే చేస్తాడు, దూడను కూడా మిగల్చడు. తైగున్‌కి ఏం ఉంటుంది? కనుమ మూసుకునే లోపు ఆయన్ని పైకి పంపాలి. పైనున్నవాడు అమ్మలేడు' అంది."

"నువ్వు సరే అన్నావు."

"లేదు. మూడు రోజులు ఆ ఇంటికే రాలేదు. నాలుగో రోజు తనే వచ్చింది. ఏడేళ్ళప్పుడు అమ్మ పోతే నన్ను ఒళ్ళో వేసుకున్నది ఆవిడ. నా నెత్తి మీద చెయ్యి పెట్టి మాట అడిగింది. ఏం చెయ్యమంటావు?"

"ఆమె పోయాక చెప్పొచ్చుగా. నేను నిన్ను ఊరందరి ముందు కుక్కను తిట్టినట్టు తిట్టాను. అప్పుడైనా చెప్పొచ్చుగా."

ఖుద్రత్ దువ్వుతున్న ఉన్నిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అదీ వదినే వద్దంది. 'తిట్టనీ. ఎవరో ఒకర్ని తిట్టుకోకపోతే మీ అన్న బతకడు. నిన్ను తిట్టుకుంటూ బతుకుతాడు' అంది."

హసిల్ షా మాంసాన్ని నేల మీద పెట్టాడు. తనకు పద్నాలుగు బర్రెలు ఉండేవి అప్పుడు. అమ్మేవాడే. ఒక్కటి మిగల్చకుండా, రెండో ఆలోచన లేకుండా అమ్మేవాడు. అది నిగిన్‌కు తెలుసు. తన గురించి తనకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. చివరి మాట కూడా నిజమే. ఈ ఆరేళ్ళూ ప్రతి పొద్దునా తమ్ముడి మీద కోపంతోనే లేచాడు. ఆ కోపం లేని రోజు లేచేవాడో లేదో అతనికే తెలియదు.

కాళ్ళు మడిచి అక్కడే కూలబడ్డాడు. కన్నీళ్ళు గడ్డంలోకి కారాయి. ముగ్గురిలో ఎవరూ అతని వైపు చూడలేదు.

"ఆమె పోవడానికి ఎన్నాళ్ళు పట్టింది?" చివరికి అడిగాడు.

"పశువుల కోత అయ్యాక నలభై రోజులు. రాత్రిళ్ళు బేగిం ఉండేది, పగలు ఈ పిల్ల. చారు పోస్తే రెండు గుక్కలు తాగేది. పైన ఎన్ని దూడలు పుడతాయో అని లెక్కలు వేసేది."

"తొమ్మిది," అన్నాడు హసిల్ షా. "ఆ ఏడు తొమ్మిది పుట్టాయి."

బేగిం పొయ్యి మీది కుండలోంచి చారు గిన్నెలో పోసి అతని ముందు పెట్టింది. గట్టిగానే పెట్టింది. అంచు మీదినుంచి కాస్త ఒలికింది. అతను గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

"ఉప్పు తక్కువైంది."

"తెచ్చివ్వండి, వేస్తాను," అంది బేగిం.

ఖుద్రత్‌కు నవ్వొచ్చింది. అన్నను చూసి మింగేశాడు.

"నవ్వకు," అన్నాడు హసిల్ షా. "క్షమించాననుకోకు. నిన్నూ క్షమించలేదు, ఆమెనూ క్షమించలేదు. చచ్చేది నా పెళ్ళాం. బర్రెలు నావి. నన్ను ఒక్క మాట అడగాల్సింది. నలుగురూ కలిసి నన్ను బర్రెను తోలినట్టు తోలారు."

"నిజమే అన్నా. ఆ రోజు వదిన..."

హసిల్ షా చెయ్యి ఎత్తాడు. "చాలు. ఇంకో గరిటె పోయమను. ఈ మాట ఇక్కడితో అయిపోయింది. నేను పోయేదాకా నా ముందు ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఆ చలికాలం మిగతా రోజుల్లో ఖుద్రత్ పొద్దున్నే గోడ దాటి వచ్చేవాడు. అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని ఉన్ని వడికేవారు. ఎక్కువగా మాట్లాడుకునేవారు కాదు. మాట్లాడితే పోట్లాడుకునేవారు.

కనుమ తెరుచుకున్నాక తైగున్ బర్రెలతో దిగి వచ్చాడు. ఇంట్లోకి అడుగుపెట్టి, పొయ్యి పక్కన బాబాయిని చూసి నిలబడిపోయాడు. భార్య వైపు చూశాడు. జేబా మామయ్య వైపు చూసింది.

"నాన్నా, బాబాయి మనింటికి ఎలా వచ్చాడు?"

"నడిచొచ్చాడు," అన్నాడు హసిల్ షా. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు.