లొల్లి ఎక్కువ

గద్వాల దిక్కు ఊళ్లను ముంచిన పెద్ద వరద పోయి పదిహేనేండ్లయిన సంవత్సరం సంగతి ఇది.

వనపర్తిల భానుప్రకాశ్ అని ఒకడు. పాలిటెక్నిక్ చదివిండు. పాలల్ల వెన్న ఎంతుందో చూసే మిషన్లకు కరెంటిచ్చే సప్లై డబ్బాలు వాని దగ్గరికి పరీక్షకొస్తయ్. డబ్బాల నుంచి వచ్చే కరెంటు కదలకుండ ఉండాలె. అలలు లేస్తె మిషన్ల అంకె ఎగురుతది, మంచి పాలను నీళ్లంటది. స్కోప్ అనే తెర మీద గీత చూసి పాసో ఫెయిలో చెప్పుడు వాని పని. ఆ స్కోప్ కొన్నకాడ్నించి వాని మెడ కిందికి వంగలేదు.

ఆత్మకూరు నుంచి వచ్చిన డబ్బాలన్నీ ఫెయిలన్నడు. గీత నిండ ముండ్లంట. నాయిస్ అని రాస్తె సరిపోతుండె. వానికి ఆ పొద్దే తెలుగు మీద ప్రేమ పుట్టింది. అట్టపెట్టె మీద ఎర్ర మార్కర్‌తోని "నవనీత, ఆత్మకూరు. లొల్లి ఎక్కువ" అని పెద్ద పెద్ద అక్షరాలు రాసి బస్సుల ఏసిండు.

నవనీత ఆ డబ్బాలు చేసే పిల్ల అని వానికి తెల్సు. ఆ పేరు పక్కన ఆ మాట రాస్తె ఏమైతదో తెల్వదు. గంత చదువు.

తెల్లారి ఆ పెట్టెతోనే నవనీత దిగింది.

"భానుప్రకాశ్ ఎవరు?"

"నేనే. ఏం గావాలె మేడం?"

"ఏం అక్కర్లేదు. లొల్లి ఎక్కువని రాసినవ్ గద, మోసుకొచ్చిన. దించుకో."

"అయ్యో, లొల్లి అంటె నాయిస్ మేడం!"

"కండక్టర్ గట్లనే సదివిండా? బస్టాండుల పెట్టె దించి, 'లొల్లి నవనీత ఎవరమ్మా' అని కేకేసిండు. చాయ్ హోటల్ మొత్తం లేసి చూసింది."

వాడు నవ్విండు. నవ్వొద్దని ఎవరు చెప్పాలె వానికి?

"నవ్వుతున్నవా? ఇవి పాస్ గాకుంటె కాంట్రాక్టర్ ఇచ్చిన ఆర్డర్ పోతది. దుకాణం మూసి ఇంట్ల కూసోమంటుండు మా నాయిన."

"మీరే చూడుండ్రి," అని డబ్బాకు స్కోప్ ప్రోబ్ తగిలించిండు. దాని సూది పక్కన నల్ల తీగ, మేకను కట్టే తాడంత పొడుగు. తెర నిండ ముండ్లు లేసినయ్.

"గిది కరెంటా, కందిరీగల తుట్టెనా?" అన్నడు.

"నా డబ్బా నాకియ్యి!" అని ఆమె ప్లగ్గు గుంజేసింది. డబ్బా మీది దీపం ఆరింది.

తెర మీది ముండ్లు మాత్రం అట్లనే ఉన్నయ్.

ఇద్దరూ చూసిండ్రు.

"డబ్బా సచ్చింది," అన్నది నవనీత మెల్లగ. "మరి ఈ లొల్లి ఎవరిది?"

వానిదే. ఆ పొడుగు తీగ రేడియో ఏరియల్ లెక్క నిలబడి, నెత్తి మీది నాసిరకం ఎల్‌ఈడీ ట్యూబు లొల్లినంత గుంజుకుంటున్నది. ఆ పాఠం చెప్పిననాడు మన అయ్యగారు కాలేజీకి పోనట్టుంది.

తీగ పీకేసి, సూది పక్కనే పొట్టి తీగ చుట్టి మళ్ల కొలిచిండు. గీత పండుకున్నది. ఒక్కొక్క డబ్బా పాసైతుంటె ఆమె ముఖం విప్పారుతున్నది. ఆఖరి డబ్బాకాడ గీత మెల్లగ గుట్టలు గుట్టలుగ లేసింది.

"ఇది లొల్లి గాదు, అల. ఇది మాత్రం మీదే," అన్నడు భయం భయంగ.

ఆమె వంగి చూసింది. "అవ్. అలలు ఆపే కెపాసిటర్ చవకది ఏసిన. నాదే."

"ఒక్కటే గద."

"ఒక్కటైనా నాదే."

స్కోప్ కొన్నంక మొదటిసారి వాడు తెర ఇడిచిపెట్టి మనిషి ముఖం చూసిండు. బయట వాన పట్టుకున్నది. గిట్లాంటి ఎడ్డోళ్లకే పట్టుకుంటది.

"ఇప్పుడు పెట్టె మీద ఏం రాయాలె?"

"లొల్లి పక్కన నీ పేరు రాసుకో."

"రెండు పేర్లు పక్కపక్కన ఉంటె..."

"ముందు తీగ పొట్టిగ చేసినవ్. ఇగ నాలుక గూడ చెయ్యి," అన్నది. అని నవ్వింది.

తెల్లారి వాడు కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి, "కొలుచుడుల తప్పు నాదే, ఆర్డర్ ఆపకుండ్రి" అని ఒప్పుకున్నడు. మొదటి బస్సుకు ఆత్మకూరు పోయిండు. దుకాణం ముందట నవనీత నాయిన వెంకట్రాములు కూసున్నడు. పెద్దాయనా అనొచ్చు. కాకా అనొచ్చు.

"తప్పు నాది, మామా. ఒక్కటి దప్ప డబ్బాలన్నీ పాసైనయ్. దుకాణం ముయ్యకు," అన్నడు.

"మామనా?" అని వెంకట్రాములు లోపలున్న నవనీత దిక్కు చూసిండు. లోపల్నుంచి కాదన్న మాట రాలేదు.

వాడు చెప్పులిడిచి లోపలికి పోయిండు.