అవ్వకు చెప్పిన అర్థాలు

"అన్ని మాటలకూ 'ఇంగ్' తగిలిస్తే ఇంగ్లీషు అయిపోతుందా సార్?"

తలుపు వెనకనుంచి రాఘవమ్మ వేసిన మొదటి ప్రశ్న అది. బి.ఏ. ప్యాసైన నాకు ఒళ్ళు మండింది. వారం తిరక్కుండానే ఆ గొంతు కోసం పొద్దున్నుంచే తయారై కూర్చునేవాణ్ణని చెప్పడానికి సిగ్గెందుకు?

ఆత్మకూరులో వాళ్ళిల్లు. ఎస్సెల్సీకి ప్రైవేటుగా కడుతున్న పిల్లకు ఇంగ్లీషు చెప్పమని, దూరపు చుట్టాన్నైన నన్ను పిలిచారు. నేను వరండాలో, తను తలుపు వెనక, మధ్యలో గడప మీద వాళ్ళవ్వ వరదమ్మ. అవ్వది ఒకటే షరతు. ఆ ఇంట్లో వినపడిన ప్రతి ఇంగ్లీషు వాక్యానికీ అప్పటికప్పుడు తెలుగులో అర్థం చెప్పాలి.

మూడు నెలలు గడిచాయి. ఆ రోజు చివరి పాఠం. తెల్లారితే నేను ఉదయగిరి హైస్కూల్లో ఉద్యోగానికి వెళ్ళాలి. ఆదివారం రాఘవమ్మను చూడ్డానికి బద్వేలునుంచి పెళ్ళివారు వస్తున్నారు. నా మనసులో మాట నేనింకా బయటపెట్టనేలేదు.

"ఇప్పుడు జరుగుతున్నవి నాలుగు వాక్యాలు రాయి," అన్నాను.

అవ్వ చేతిమీదుగా నోటుపుస్తకం వచ్చింది. నేను చదివి అర్థం చెప్పసాగాను.

"రెయిన్ ఈజ్ ఫాలింగ్. వాన పడతా ఉండాది, అవ్వా."

"అది నాకూ కనపడతానే ఉండాది. తర్వాత?"

"అవ్వ ఈజ్ కటింగ్ నట్స్. అవ్వ వక్కలు కత్తిరిస్తా ఉండాది."

అవ్వ మురిసిపోయింది. మూడోది చదువుతూ చూపు వానవైపు తిప్పేశాను.

"సార్ ఈజ్ లుకింగ్ ఎట్ ది డోర్. అంటే... సారు వాన చూస్తా ఉండాడు."

"అబద్ధం అవ్వా!" లోపల్నుంచి నవ్వు. "తలుపు వంకే చూస్తా ఉండారు! మూణ్ణెల్ల నుంచీ ఇదే వరస!"

అవ్వ చేతిలో అడకత్తెర ఆగింది.

"నాలుగోది చెప్పు అయివారా. ఈసారి తప్పు చెప్పినావంటే చూడు!"

"ఐ యామ్ వెయిటింగ్. వై ఈజ్ సార్ నాట్ ఆస్కింగ్ నాయన?" ఈసారి ఉన్నదున్నట్టే చెప్పాను. "నేను ఎదురుచూస్తా ఉండాను. సారు మా నాయన్ని ఎందుకు అడగడం లేదు... అని రాసింది." ఇక ఆగలేకపోయాను. "నాకు రాఘవమ్మంటే ప్రాణం అవ్వా! అడగాలంటేనే భయం!"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"ఒరే రామనారాయణా!"

కొట్టంలో ఎద్దుల్ని కట్టేస్తున్న కొడుకు, రాఘవమ్మ నాయన, వానలో పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా?"

"బద్వేలోళ్ళకు రావద్దని కార్డు రాయి. ఈ అయివారు నిన్నొకటి అడగతా ఉండాడు. నువ్వు సరే అంటా ఉండావు."

ఆయన తలమీద నీళ్ళు తుడుచుకుంటూ తల్లిని చూశాడు, నన్ను చూశాడు.

"అడుగు నాయనా," అన్నాడు.

అడిగాను. వాన హోరులో నా మాట నాకే వినపడలేదు. లోపలికి మాత్రం వినపడినట్టుంది, రాఘవమ్మ ఏడుస్తూ నవ్వుతోంది.