తుడవరాని వేలిముద్ర

మంగళవారం... రాహుకాలం... సాయంత్రం నాలుగు గంటల పదమూడు నిమిషాలు!

పట్టపగలే ఐటీ ఆఫీసుల రాయదుర్గాన్ని గాఢాంధకారం కమ్మేసింది. నల్లటి మేఘాలు అద్దాల మేడల నెత్తిమీదికి దిగి భీకరంగా గర్జిస్తున్నాయి. ఫెళఫెళమంటూ పిడుగు పడ్డప్పుడల్లా పద్నాలుగో అంతస్తులో మీటింగ్ రూము అద్దాలు గజగజ వణుకుతున్నాయి. ఆ అద్దం బయటి అంచు మీద, పగటిపూట ఎవరి కంటా పడకూడని పక్షి ఒకటి వచ్చి వాలింది... గుడ్లగూబ! అది మెల్లగా తల తిప్పి, లోపల ఒంటరిగా కూర్చున్న మనిషిని రెప్పవేయకుండా చూస్తోంది.

ఆ మనిషి యశ్వంత్. పుట్టింది అనంతపురంలో, ఉద్యోగం ఈ మేడలో, కాపురం తెల్లాపూర్‌లో. గుడ్లగూబను చూసే తీరిక అతగాడికి ఎక్కడిది? ఫోన్‌లో వేలంపాట ముగియడానికి ఇంకా నలభై సెకన్లే ఉంది! కారు కొనడానికి కూడా ముహూర్తం చూసుకునే మనవాళ్ళు, ఆన్‌లైన్ వేలానికి మాత్రం రాహుకాలమా, యమగండమా అని చూడరు కదా. అక్కడే కొంప మునిగింది.

వేలానికి వచ్చింది ఎనిమిది వెండి నాణేల ప్రూఫ్ సెట్. ప్రూఫ్ నాణెమంటే బజారులో చేతులు మారే చిల్లర కాదు. సేకరించేవాళ్ళ కోసం అద్దంలా మెరుగుపెట్టి కొట్టినది. దాన్ని ఉత్త చేత్తో ముట్టుకోరు, తెల్లటి నూలు గ్లౌజులు తొడుక్కుని అంచులు పట్టుకుంటారు. ఒక్క వేలిముద్ర పడిందా, దాని పని అయిపోయినట్టే. తుడిచారా, మరీ ఘోరం. యశ్వంత్‌కు ఈ పిచ్చి పదేళ్ళుగా ఉంది. ఈ సెట్ కోసం నెల రోజులుగా సరిగ్గా అన్నం కూడా తినలేదు.

చివరి సెకన్లో అతని పాటే మిగిలింది. వేలం అతనిదే!

ఆ క్షణంలో ఆకాశం నిలువునా చీలినట్టు మెరిసింది. గుడ్లగూబ వికృతంగా కూసి చీకట్లోకి ఎగిరిపోయింది. ఫోన్‌లో అమ్మకందారు దగ్గర్నుంచి సందేశం వచ్చింది. "శుభాకాంక్షలండి. ఇట్లు, భీమేశ్వరరావు."

గురువారం పెట్టె వచ్చింది. నీలి మఖమలు మీద ఏడు నాణేలు నిండు చందమామల్లా మెరుస్తున్నాయి. ఎనిమిదోది చూసేసరికి యశ్వంత్ ప్రాణం ఉసూరుమంది. దాని నడిబొడ్డున నల్లగా, జిడ్డుగా... ఒక బొటనవేలి ముద్ర!

కోపంతో ఫోన్ చేశాడు. అవతల గొంతు తేనెలా ఉంది. "అయ్యయ్యో, ఎంత పొరపాటండీ! మెత్తటి గుడ్డతో కాస్త తుడిచి చూడండి. అప్పటికీ నచ్చకపోతే మంగళవారం మా ఇంటికి పట్టుకురండి, వాపసు తీసుకుంటాను. మీ ఆఫీసు పక్క టవరేనండి, ముప్పై ఒకటో అంతస్తు."

యశ్వంత్ విస్తుపోయాడు. ప్రూఫ్ నాణేలు అమ్మేవాడు తుడవమంటాడా? ఎక్కడో ఏదో తేడా కొట్టింది. కానీ ఆ తేడా ఏమిటో ఆలోచించకుండా, ఫోటోలు తీయడానికి నాణేల ప్లాస్టిక్ మూతలు విప్పి, పెట్టెను బల్లమీద అలాగే వదిలేసి పడుకున్నాడు. ఎంత తెలివితక్కువ పని చేశాడో పాపం అతనికేం తెలుసు!

మర్నాడు శ్రావణంలో ఆఖరి శుక్రవారం. భార్య భార్గవి పొద్దున్నే తలంటు పోసుకుని, లక్ష్మీపూజకు కలశం సిద్ధం చేస్తోంది. కలశంలో వెయ్యడానికి వెండిబిళ్ళ కావాలి. బల్లమీద చూస్తే ఎనిమిది ఉన్నాయి! వాటిలో ఒకదానికి మురికి.

"ఇంత మోజుపడి కొని, మురికిబిళ్ళ తెచ్చుకున్నాడే మా ఆయన!" అని నవ్వుకుంది. మన ఇళ్ళల్లో పూజ వెండికి మురికి పడితే ఏం చేస్తారు? చింతపండు తీసింది. విభూది అద్దింది. ఆ నల్లటి ముద్ర మీద బొటనవేలు పెట్టి... బరబరా తోమేసింది!

స్నానాలగదిలో ఉన్న యశ్వంత్‌కు కేక వినబడింది. అది భార్గవి గొంతు కాదు. అసలది ఒక్క గొంతు కాదు! ఒంటికి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

ఆమె కలశం ముందు జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది. కళ్ళలో నల్లగుడ్లు లేవు... తెల్లగా, నున్నగా, వెండిరేకుల్లా మెరుస్తున్నాయి! ఎదురుగా గోడమీది అద్దంలో కలశం కనిపిస్తోంది, దీపం కనిపిస్తోంది. భార్గవి మాత్రం కనిపించడం లేదు.

"భార్గవీ! ఏమైందే? పలుకే!"

"నేను భార్గవిని కాదు... రసజ్ఞను..." ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది ఆ మాట. "ఏడో బిళ్ళలో ఉన్నాను. మా నాన్న కొన్నాడు, నేను తుడిచాను... ఆ ముద్ర శవం బొటనవేలిది! ఎవరు తుడిస్తే వాళ్ళు బిళ్ళలోకి పోతారు! వాడికి ఎనిమిది ముఖాలు కావాలి. ఎనిమిదీ నిండితే ఆ భీమేశ్వరరావుకు చావు లేదు. మంగళవారం అమావాస్య... రాహుకాలం దాటేసరికి నీ భార్య ఊపిరి ఆగిపోతుంది... హా... హా... హా!" ఆ నవ్వు నవ్వో ఏడుపో తెలియలేదు. భార్గవి దబ్బున వెనక్కి పడిపోయింది.

యశ్వంత్ గ్లౌజు తొడుక్కుని ఎనిమిదో నాణెం ఎత్తి చూశాడు. అద్దంలాంటి వెండిలో సన్నటి గీతల్లా... రెండు కళ్ళు! భార్గవి కళ్ళు!

కార్పొరేట్ దవాఖానలో పెద్ద డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, రోగమేమీ లేదని ఇంటికి పంపేశారు. శనివారానికి నాణెంలో ముక్కు తేలింది. ఆదివారానికి పెదాలు తేలాయి. ఇక్కడ మంచంమీద భార్గవి ముఖంలో కళ తగ్గుతుంటే అక్కడ వెండిలో కళ పెరుగుతోంది. పోలీసుల దగ్గరికి పోయి ఏమని చెప్పేది? నా పెళ్ళాం నాణెంలోకి పోతోందనా? యశ్వంత్ తల గోడకేసి కొట్టుకున్నాడు.

సోమవారం పొద్దున పనిమనిషి ఈరమ్మ వచ్చింది. బోరబండ నుంచి రైల్లో వచ్చి ఆ కాలనీలో నాలుగిళ్ళు చేసుకునే మనిషి. ఏటా ఆషాఢంలో మైసమ్మకు బోనం ఎత్తుతుంది. మూడు రోజులు పనికి రాలేకపోయానని గొణుక్కుంటూ గదిలోకి తొంగిచూసి, చీపురు వదిలేసింది.

"సారూ, అమ్మకేమైంది? ఇట్లెందుకు అయింది?"

యశ్వంత్ అంతా చెప్పి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఈరమ్మ నాణేన్ని దూరం నుంచే చూసింది. ఆమె ముఖం గంభీరంగా మారింది.

"జర ఏడుపాపు సారూ. వాడుండేది యే టవర్ల అంటివి? దాని ఎనక పార్కింగ్ కాడ మైసమ్మ ఉంది, ఎర్కేనా? ఆ మేడ కట్టేటప్పుడు గుట్టనంత పేల్చిన్రు. ఒక్క బండ పేలలే. ఎన్ని మందుగుండ్లు పెట్టినా పేలలే! ఆ బండే తల్లి. వాడు ఆమె నెత్తిమీద కూసొని గిసొంటి పనులు జేస్తుండు. పా!"

ఆ సాయంత్రం, ఆకాశాన్నంటే మేడ నీడలోని చిన్న గుడిలో, పసుపు కుంకాలు పూసిన ఆ నల్లటి బండ ముందు ఈరమ్మ కూర్చుంది. వేపకొమ్మతో నేల ఊడ్చి, కళ్ళు మూసుకుని చాలాసేపు ఊగింది. తర్వాత తల్లి బండారిలో... ఆ పసుపులో... బొటనవేలు ముంచి, నాణెంలో భార్గవి ముఖం మీద గట్టిగా ఒత్తింది. పచ్చటి ముద్ర పడింది! బండ లోపల్నుంచి ఘల్లుమని గజ్జెలు మోగినట్టయింది.

"ముద్ర ఎవలు తుడుస్తే వాళ్ళే లోపలికి పోతరన్నది గదా ఆ పోరి? తుడవనీ వాన్నే! గని సారూ, నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు. అమ్మ ఏడ్చినా, మొత్తుకున్నా, నీ పాణం పోతున్నట్టున్నా చెయ్యి పెట్టకు. పెట్టినవా, ఇద్దరూ పోతరు."

మంగళవారం... అమావాస్య... రాహుకాలం! మళ్ళీ అదే అంధకారం, అదే ఉరుముల ఘోష. భార్గవిని ఈరమ్మకు అప్పగించి యశ్వంత్ ముప్పై ఒకటో అంతస్తులో తలుపు తట్టాడు.

తలుపు తీసింది డెబ్భై ఏళ్ళ మనిషి. ఇస్త్రీ చేసిన లాల్చీ, నుదుట నల్లటి బొట్టు, చేతులకు తెల్లటి నూలు గ్లౌజులు. "రండి రండి! వానలో తడిశారే పాపం. కాఫీ తీసుకుంటారా అండి?"

ఆ మర్యాదకే యశ్వంత్‌కు చెమట్లు పట్టాయి. లోపల నల్లటి తెరలు. నేలమీద రక్తచందనంతో గీసిన మహాయంత్రం. దాని మధ్య పీఠం మీద, ఆముదపు దీపాల వెలుగులో ఇకిలిస్తూ... ఒక మానవ కపాలం! యశ్వంత్ పెట్టె అందించి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

భీమేశ్వరరావు పెట్టె తెరిచి పీఠం మీద పెట్టాడు. దీపకాంతి తగలగానే ఏడు నాణేల్లోనూ ఏడు ముఖాలు తేలి, నోళ్ళు తెరిచి నిశ్శబ్దంగా ఆక్రందించాయి. ఆ మాంత్రికుడు బీజాక్షరాలు జపిస్తూ ఎనిమిదో నాణేన్ని రెండు వేళ్ళతో ఎత్తాడు. జపం ఆగిపోయింది.

"ఎవరు... ఎవరు వేశారండీ ఈ ముద్ర?"

"మీరు పంపినప్పుడే ఏదో ముద్ర ఉండింది కదా సార్," అన్నాడు యశ్వంత్.

"తుడవండి."

"ప్రూఫ్ నాణెం సార్. తుడవకూడదు."

భీమేశ్వరరావు ముఖం మీది నవ్వు మాయమైంది. "తుడవరా!" అని గర్జించాడు. ఆ గర్జనకు దీపాలు రెపరెపలాడాయి. నాణేన్ని యశ్వంత్ కళ్ళముందు పెట్టాడు. పచ్చటి ముద్ర కింద భార్గవి ముఖం గిలగిల కొట్టుకుంటోంది.

"ఏమబ్బా... ఊపిరాడలేదబ్బా... దీన్ని తీసెయ్... తీసెయ్యబ్బా!"

యశ్వంత్ చెయ్యి దానంతటదే లేచింది. ఏడేళ్ళ కాపురంలో ఆమె ఇంతగా బతిమాలిన మాట లేదు. వేలికొస నాణేనికి అంగుళం దూరంలో ఆగింది. ఈరమ్మ మాట గుర్తొచ్చింది. రెండు చేతులూ వెనక్కి విరుచుకుని, పళ్ళు బిగించి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "నన్ను క్షమించవే భార్గవీ!" అని అరిచాడు. ఆమె ఏడుపు చెవుల్లో సూదుల్లా దిగుతూనే ఉంది.

గోడ గడియారంలో నాలుగూ ఇరవై తొమ్మిది! రాహుకాలం దాటడానికి ఇంక ఒక్క నిమిషమే! పీఠం మీద కపాలం కిరకిరమంటూ దవడ తెరిచింది. మచ్చలేని ఎనిమిది ముఖాలు అందకపోతే అది మింగేది తనను మేపినవాణ్ణే. ఆ సంగతి భీమేశ్వరరావుకు బాగా తెలుసు. మృత్యుభయంతో వాడి కళ్ళు బయటికొచ్చాయి.

"ఛీ! గ్లౌజులుండగా నాకేమవుతుంది?" అంటూ నాణేన్ని రుద్దాడు. పసుపు పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. తెల్లటి గ్లౌజు పచ్చబడింది, పొగలు కక్కింది, భగ్గున మండి బూడిదై రాలిపోయింది. కపాలం ఇంకాస్త నోరు తెరిచింది. పిచ్చెత్తినట్టు ఆ మాంత్రికుడు ఉత్త బొటనవేలితో ఒక్క తుడుపు తుడిచాడు... ముద్ర పోయింది!

"పోయింది! పోయింది! హహ్హహ్హా!"

నాణెంలో భార్గవి ముఖం లేదు. అక్కడ నవ్వుతున్నది వాడి ముఖమే!

మరుక్షణం కింద గుట్టబండ నుంచి ఒక మెరుపు పైకి లేచింది. అవును, నేలమీంచి నింగికి! గదంతా వేపాకు వాసన. మేడ అద్దాల నిండా, ముప్పై ఒక్క అంతస్తుల ఎత్తున, నిప్పుకణికల్లాంటి కళ్ళతో ఒక స్త్రీమూర్తి నిలబడింది! గజ్జెల మోతకు తెరలు చిరిగిపోయాయి, కపాలం ఫటేలున పగిలింది. "అమ్మా! తప్పయింది తల్లీ!" అని భీమేశ్వరరావు మొత్తుకుంటుండగానే వాడి వేలు, చెయ్యి, భుజం, తల ఆ వెండిబిళ్ళలోకి కుదించుకుపోయాయి. లాల్చీ ఒక్కటే ఖాళీగా నేలమీద పడింది. ఏడు నాణేల్లోని ముఖాలు ఒక్కొక్కటే కళ్ళు మూసుకుని, ప్రశాంతంగా కరిగిపోయాయి.

యశ్వంత్ ఇంటికి ఫోన్ చేశాడు. ఈరమ్మ ఫోన్ భార్గవి చెవి దగ్గర పెట్టింది.

"ఏమబ్బా... నా నోరంతా చింతపండు పులుపు. యాడుండావు నువ్వు?"

అతను అక్కడే చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ ఎనిమిదో నాణేన్ని ఈరమ్మ మైసమ్మ గుడి ముందు మెట్టులో, ముఖం పైకి ఉండేలా సిమెంటుతో పాతించింది. డబ్బును తొక్కడమేమిటని యశ్వంత్ జంకితే, "గిది లచ్చిమి కాదు సారూ, తొక్కొచ్చు," అంది. సెక్యూరిటీ వాళ్ళు, ఆటోవాళ్ళు, ఊడ్చే ఆడవాళ్ళు, మెడలో ఐడీ కార్డులతో వచ్చే ఆఫీసు పిల్లలు... రోజూ వందల కాళ్ళు దానిమీద పడుతున్నాయి.

ప్రతి మంగళవారం యశ్వంత్, భార్గవి అక్కడికి వెళ్తారు. పోయిన వారానికి ఆ ముఖంలో ముక్కు అరిగిపోయింది. ఒక కన్ను కూడా పోయింది. నోరు మాత్రం ఇంకా తెరుచుకునే ఉంది. భార్గవి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, దానిమీద మడమ ఆనించి లోపలికి నడిచింది.