ఏడూ పదికి వచ్చే లిఫ్టు

పొద్దున్న ఏడు కొట్టిందంటే చాలు, ఆ ఇంట్లో పెద్దావిడ చెవులు గుమ్మం బయటే ఉండేవి. ఒకవైపు స్టవ్ మీద పాలు పొంగుతుంటాయి, ఇంకోవైపు ఎనిమిదేళ్ల మనవరాలు బుజ్జి జడ వెయ్యమని వెనకాలే తిరుగుతుంటుంది. ఆవిడ మాత్రం గడియారం వంకే చూస్తూ ఉంటుంది. సరిగ్గా ఏడూ పదికి బయట లిఫ్టు గంట ఒక్కసారి మోగుతుంది. ఆవిడ చేతులు తుడుచుకుని వెళ్లి, లిఫ్టు తలుపు పక్కకు లాగి నిలబడుతుంది.

లోపల ఎవరూ ఉండరు. పసుపురంగు దీపం, గీతలు పడ్డ అద్దం, తిరిగీ తిరగనట్టు తిరిగే ఫ్యాను, అంతే. ఆరో అంతస్తులో ఎవరూ మీట నొక్కరు, కింద ఎవరూ ఎక్కరు. అయినా అది తనంతట తాను పైకి వచ్చి, ఆవిడ గుమ్మానికి ఎదురుగా ఆగుతుంది.

ఏడూ పది ఆవిడ కొడుకు పనికి బయల్దేరే వేళ. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. నాలుగేళ్ల కిందట ఒకరోజు ఎప్పటిలాగే అన్నం డబ్బా చేతపట్టుకుని వెళ్లి, ఇంకెక్కడో ఒక భవనంలో లిఫ్టు గోతిలో పడి చనిపోయాడు. నెల తిరక్కముందే ఈ గంట ఆవిడ చెవిన పడింది. మొదటిరోజు ఒళ్లు జలదరించింది. రెండోరోజు ఎదురుచూసింది. వారం గడిచేసరికి మాట్లాడటం మొదలుపెట్టింది. బుజ్జికి పన్ను ఊడిందని, నీ చొక్కాలు ఎండలో వేశానని గుసగుసగా నాలుగు మాటలు చెప్పి, తలుపు మూసి లోపలికి వచ్చేది. తాను మాట్లాడుతున్నంతసేపూ ఆ దీపం రెపరెపలాడుతుందని, మాట పూర్తవగానే నిలకడగా వెలుగుతుందని ఆవిడ నమ్మకం. ఈ సంగతి కోడలికి తెలుసు. తెలిసినా ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

కోడలి మీద ఆవిడకు వేరే మంట ఉంది. ముప్ఫై దాటాక, బట్టలకొట్లో నీడపట్టున చేసుకుంటున్న ఉద్యోగం వదిలేసి, మొగుణ్ణి మింగిన పనినే నేర్చుకోవడానికి వెళ్లింది. అప్రెంటిస్ అట. నాలుగేళ్లు పని చేస్తూనే నేర్చుకోవాలి, వారానికో రోజు తరగతి, జీతం అంతంతమాత్రం. తోటివాళ్లంతా పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్లలు. నేర్పే పెద్దమనిషిని అందరూ గ్రీజు బాబాయి అంటారు. ఆయన గోళ్లలో నలుపు ఇంతవరకూ ఏ సబ్బుకూ లొంగలేదు. సాయంత్రం భోజనాల బల్లకు ఒక పక్కన బుజ్జి లెక్కలు చేసుకుంటుంటే, రెండో పక్కన తల్లి వైర్ల బొమ్మలు గీసుకునేది. అమ్మకూ హోంవర్కేనని బుజ్జి నవ్వేది. పెద్దావిడ మాత్రం ఆ బల్ల మీద స్క్రూడ్రైవర్ కనిపిస్తే దాని మీద గుడ్డ కప్పేసేది.

ఒక మంగళవారం సాయంత్రం కోడలు బూట్లు విప్పుకుంటూ నెమ్మదిగా మాట కదిపింది. గురువారం తమ భవనం లిఫ్టే విప్పుతున్నారట. ఎవరూ పిలవకుండా పొద్దున్నే ఆరో అంతస్తుకు పోతోందని కింది ఇళ్లవాళ్లు ఫిర్యాదు చేశారట. తలుపు లాకులు కూడా అరిగాయని అనుమానమట. రెండో ఏడాది పరీక్ష కింద ఆ పనిని గ్రీజు బాబాయి తనకే అప్పగించాడట.

పెద్దావిడ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. మొదట బతిమాలింది. వేరే భవనం అడిగి తీసుకోమంది. పోనీ ఇంకెవరినైనా పంపమని చెప్పమంది. దేనికీ కోడలు సరేననకపోయేసరికి, ఇన్నాళ్లూ గొంతులో ఆపుకున్నది బయటపడింది.

"వాడు పోయాక నాకు మిగిలింది రోజుకు ఐదు నిమిషాలు. దాన్ని కూడా స్క్రూడ్రైవర్ పెట్టి ఊడబీకుతావా?"

"ఆ లాకు అరిగిపోతే ప్రమాదం అత్తయ్యా."

"అరగనీ. ఒక్క నెల ఆగితే మీ కంపెనీ మునిగిపోతుందా?"

కోడలు విప్పిన బూట్లు పక్కన పెట్టి లేచింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. నాలుగేళ్లుగా చెప్పనిది అప్పుడు చెప్పింది, గొంతు పెంచకుండా.

"ఆయన పోయిన చోట కూడా తలుపు లాకే అత్తయ్యా. పాడైందని కంపెనీకి ముందే తెలుసు. ఇంటికి చుట్టాలొస్తున్నారు, లిఫ్టు ఆపొద్దు, ఒక్క వారం ఆగండని అక్కడ ఒకావిడ అడిగింది. ఆగారు. ఆ వారంలోనే ఆయన వేరే పని మీద అక్కడికి వెళ్లి, ఆ సంగతి తెలియక తలుపు తీసి అడుగు వేశారు. లోపల లిఫ్టు లేదు. ఆవిడేం చెడ్డది కాదు. మీలాగే, తనవాళ్ల కోసమే అడిగింది. ఆ లాకు ఎలా పాడవుతుందో నా చేతులతో నేను తెలుసుకోవాలి. అందుకే ఈ పనికి వెళ్లాను."

పెద్దావిడ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

బుధవారం కోడలు తొందరగా పనికి వెళ్లిపోయింది. ఏడూ పదికి గంట మోగింది. రోజూ మోగినట్టు లేదు. నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు బరువుగా ఉంది. పెద్దావిడ వెళ్లి తలుపు లాగింది.

లిఫ్టు ఎదురుగా ఉంటేనే ఆ తలుపు రావాలి. లేకపోతే లాకు బిగబట్టి ఉంచాలి. కానీ తలుపు వచ్చేసింది. లోపల దీపం లేదు, అద్దం లేదు. చిక్కటి చీకటి. కిందినుంచి చల్లగాలి ముఖానికి తగిలింది. నడుమ నూనె పూసిన ఇనుప తాళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆవిడకు భయం వెయ్యలేదు. ఎవరో పిలిచినట్టనిపించింది. ఆ గాలి రావడంలో, పోవడంలో కొడుకు ఊపిరి వినబడుతున్నట్టే ఉంది. తలుపు పట్టుకుని ఇంకాస్త వంగింది. పాదం గడప మీదికి జరిగింది.

"నానమ్మా, లిఫ్టు ఆపు, నేనూ దిగుతా."

బడిలో ఆటల పోటీ ఉందని బుజ్జి సంచీ వేసుకుని పరుగున వస్తోంది. ఆ పిల్లకు చీకటి కనిపించలేదు, నానమ్మ వీపే కనిపించింది. పక్కనుంచి దూరిపోబోతుంటే సంచీ పట్టీ ఆవిడ చేతికి చిక్కింది. ఉన్న బలమంతా పెట్టి లాగింది. ఇద్దరూ వెనక్కి గచ్చు మీద పడ్డారు. బుజ్జి చెప్పు ఒకటి కాలినుంచి ఊడి, గడప దాటి లోపలికి జారింది. అది అడుగున పడ్డ చప్పుడు వినపడటానికి చాలాసేపు పట్టింది.

ఆవిడ పాకుతూ వెళ్లి తలుపు మూసి, దానికి వీపు ఆనించి కూర్చుంది. బుజ్జి చేత కోడలికి ఫోన్ చేయించింది.

"గురువారం దాకా ఆగకమ్మా, ఇప్పుడే రా," అంది. "నువ్వొచ్చేదాకా నేనిక్కణ్ణుంచి లేవను. ఎవర్నీ తెరవనివ్వను."

కోడలు, గ్రీజు బాబాయి ఆఘమేఘాల మీద వచ్చారు. ముందు కరెంటు తీసి, మళ్లీ ఎవరూ వెయ్యకుండా స్విచ్చుకు తాళం వేశారు. తాళంచెవి కోడలు జేబులో వేసుకుంది. అన్ని అంతస్తుల్లోనూ అడ్డాలు పెట్టారు. పని చేసింది కోడలే. బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. పెద్దావిడ కుర్చీ వేసుకుని కూర్చుని, కోడలి చేతుల్నే చూసింది. అరిగిన లాకు కొక్కెం ఊడదీసి వెలుగులో తిప్పి తిప్పి చూసింది కోడలు. కొత్తది బిగించి, మూసిన తలుపును ఇరవైసార్లు లాగింది. ఇరవైసార్లూ రాలేదు. అయినా నమ్మకుండా ఇంకోసారి లాగింది.

మధ్యాహ్నం పైన మోటారు గది చూస్తానని పెద్దావిడే అడిగింది. కోడలి భుజం పట్టుకుని మెట్లెక్కింది. ఆ గదిలో గోడకు ఒక రేకు పెట్టె, దాన్నిండా జిడ్డు పట్టిన సర్వీసు కార్డులు. కోడలు వెతుకుతూ వెతుకుతూ ఒక కార్డు దగ్గర ఆగి, దాన్ని అత్తగారి చేతిలో పెట్టింది. కొడుకు రాత. పోవడానికి రెండు నెలల ముందు తేదీ. 'రోజూ ఏడూ పదికి లిఫ్టు ఆరో అంతస్తులో ఉండేలా టైము పెట్టాను. కారణం: అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ఎక్కువసేపు నిలబడలేకపోతోంది.'

ఆవిడకు ఆ రోజులు గుర్తొచ్చాయి. పనికి పోతూ పోతూ కొడుకు తనను ఆస్పత్రి దగ్గర దింపేవాడు. గుమ్మం దాటగానే లిఫ్టు ఎదురుగా ఉండేది. మన అదృష్టం బాగుందిరా అంటే, అవునమ్మా అని ఊరుకునేవాడు. ఆ కార్డును గుండెకు అదుముకుని ఆవిడ బావురుమంది. కొడుకు పోయాక పైకి వినపడేలా ఏడవడం అదే మొదలు.

గ్రీజు బాబాయి మాత్రం కార్డు వైపు, లిఫ్టును నడిపించే కంట్రోలు బోర్డు వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ అబ్బాయి టైము పెట్టింది పాత బోర్డులోనట. రెండేళ్ల కిందట అది కాలిపోతే తానే ఊడదీసి తుక్కులో పడేశాడట. కొత్త బోర్డులో ఎవరూ ఏ టైమూ పెట్టలేదు. ఆయన రెండుసార్లు వెతికాడు, కోడలి చేతా వెతికించాడు. ఖాళీ. అంటే రెండేళ్లుగా ఆ లిఫ్టును ఏడూ పదికి పైకి రమ్మన్నది ఏదీ లేదు.

కోడలు కొత్త కార్డు తీసి లాకు సంగతి రాసింది. ఏడూ పది సంగతి దగ్గర కలం ఆగిపోయింది. తెలియనిదాన్ని తెలిసినట్టు మాత్రం రాయొద్దన్నాడు బాబాయి, పాఠం చెప్పినట్టే. 'కారణం తెలియలేదు' అని రాసి, కింద సంతకం పెట్టింది.

మర్నాడు ఏడూ పది అయింది. గంట మోగలేదు. పెద్దావిడ మూసిన తలుపు ముందు నిలబడే ఉంది. ఏడూ పదిహేనుకి కోడలు వచ్చి పక్కన నిలబడింది.

"మీరు రోజూ మాట్లాడుతుంటే, గుమ్మం వెనక నిలబడి వినేదాన్ని అత్తయ్యా," అంది. "ఆయన మాట ఒక్కటైనా నా చెవిన పడుతుందేమోనని. ఎప్పుడూ పడలేదు. మీకు మాత్రం వినపడుతోందని కుళ్లుకునేదాన్ని."

"నాకూ ఎప్పుడూ వినపడలేదే పిచ్చిదానా," అంది ఆవిడ. "వినేవాడు ఉన్నాడనుకుని చెప్పుకున్నా. ఇవతల నువ్వు వింటున్నావని తెలిస్తే నీకే చెప్పుకునేదాన్ని కదమ్మా."

చావు కబురు విన్ననాడు కూడా కన్నీరు పెట్టని కోడలు ఆవిడ భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దావిడ కోడలి వీపు నిమురుతూ ఉండిపోయింది. ఏడుపు నెమ్మదించాక, పనికి టైమవుతోందని గుర్తుచేసి, తానే చెయ్యి చాచి మీట నొక్కింది. ఎక్కడో అడుగున తాళ్లు కదిలాయి. పిలిస్తే వచ్చే మామూలు లిఫ్టులాగే, అది ఒక్కో అంతస్తూ దాటుకుంటూ పైకి రాసాగింది.