ప్యాడ్లని తినే గది

అందరూ ఆన్‌లైన్‌లో ఉన్నారా? అయితే లైట్లు ఆపుకోండి. తింటున్నవాళ్ళు ప్లేటు పక్కన పెట్టండి, తర్వాత నన్ను తిట్టి లాభం లేదు.

మా అత్తయ్య వాళ్ళింట్లో మేడ మీద ఒక గది ఉంది. మంచి గది కాదు అది. నేనిప్పుడు సరిగ్గా దాని కిందే పక్కేసుకుని పడుకున్నా. పైన దబ్... దబ్... అని వినపడుతోంది కూడా. ఎందుకో చెప్తా, ఆగండి.

ఆ గది ప్యాడ్లని తింటుంది.

నవ్వకండెహె! డాన్స్ గేమ్ ప్యాడ్ తెలుసుగా, నేల మీద పరిచి టీవీకి తగిలిస్తారు, తెర మీద బాణం ఎటొస్తే అటు కాలెయ్యాలి. అలాంటివి ఆ గదిలో మూడు చచ్చాయి. మూడూ ఒకేలా. ముందు ఎడమ బాణం పోతుంది... తర్వాత మిగతావి... ఆ తర్వాత ప్యాడే మాయం. శవం కూడా దొరకదు.

ఆ ఇంట్లో ముందున్నవాళ్ళ అమ్మాయికి డాన్సు పిచ్చట. ఆ గదిలోనే ఎగిరి ఎగిరి, గుండె ఆగి పోయిందట. అత్తయ్యే చెప్పింది. "పడుకున్నాక పైకి మాత్రం పోకండి" అని మరీ మరీ చెప్పింది. అత్తయ్య ఆస్పత్రిలో నర్సు. రోజూ చావుల్ని చూసే మనిషి. చెయ్యి కడుక్కోకుండా గ్లాసు ముట్టుకుంటే వీపు పగలగొట్టే మనిషి. ఆవిడే భయపడితే ఇంకెవడు వెళ్తాడు?

ఇదంతా మా బావ ఇందాక చెప్పాడు. సరిగ్గా నేను ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడే మొదలెట్టాడు, దరిద్రుడు.

బావకీ, వాడి చెల్లి చిట్టికీ గేమ్ పార్లర్లో జంటల పోటీ ఉంది. రేపే. అది చూడ్డానికే నేనొచ్చా. చిట్టికి అది చావోరేవో. పోయినేడు బావగారు అందరి ముందూ కాలు జారి బోర్లా పడి, దాన్ని కూడా లాక్కుని పడ్డారు. అప్పట్నుంచీ స్కూల్లో దాని పేరు "బోర్లా". టీచరు కూడా నోరుజారి ఒకసారి అలాగే పిలిచిందట! ఈసారి గెలిస్తే గానీ ఆ పేరు వదలదు.

కానీ నాలుగో ప్యాడ్ తెచ్చినప్పుడే అత్తయ్య తేల్చేసింది. "ఇదీ పోయిందా... గదికి తాళం. గేమూ లేదు, పోటీ లేదు."

సరే. పోయిన వారం ఎడమ బాణం మొదలెట్టింది.

ప్యాడ్ మీద ఎవరూ లేరు. బావ మంచం మీద ఉన్నాడు. చిట్టి గుమ్మంలో ఉంది. తెర మీద ఎడమ బాణం టక్... టక్... టక్... దానంతటదే నొక్కుకుంటోంది.

"అన్నయ్యా... నువ్వా?"

"నా కాళ్ళు ఇక్కడున్నాయి కదే!"

ఇంకోటి వినండి. స్కోర్ల పట్టీలో అందరికంటే పైన ఒక పేరుంది. ఏ-ఏ-ఏ. పేరు కొట్టకుండా వదిలేస్తే గేము పెట్టే పేరది. బావేమో అది చిట్టి అనుకున్నాడు. చిట్టేమో బావ అనుకుంది.

"నేనెప్పుడు కొట్టానే అంత స్కోరు?"

"అదే అనుకున్నా. నీకంత సీను లేదని."

మరి... ఎవరు?

బావ ప్యాడ్‌ని తిరగేశాడు. పక్కన జిప్పు ఉంటుంది, లోపల స్పాంజి. మెల్లగా లాగాడు.

వాసన!

తడి సాక్సులు బ్యాగులో వారం మర్చిపోయి, వాటి మీద మందు నూనె పోసి, మూటగట్టి ఎండలో పెడితే... ఆ వాసన. చిట్టి అక్కడే డోకింది. బావ ముక్కు మూసుకుని చెయ్యి లోపల పెట్టాడు. మెత్తగా తగిలింది... చల్లగా... జిగటగా... వేళ్ళకి ఏదో చుట్టుకుంది.

లాగాడు.

జుట్టు.

ముద్దలు ముద్దలుగా జుట్టు! నల్లగా బూజు పట్టి, పచ్చటి జిడ్డు కారుతూ. దానికి అంటుకుని ఒక బొద్దింక కాలు. కాలొక్కటే. మిగతా బొద్దింక లోపలే ఎక్కడో ఉంది.

యాక్. యాక్. తోలు ఊడేదాకా కడుక్కున్నా అంటాడు బావ. అదే చేత్తో నాకు ఇందాక వడ్డించాడు. ఛీ.

"అన్నయ్యా... ఆ అమ్మాయి జుట్టే ఇది..." అని చిట్టి ఏడుపు. ఏడుస్తూనే, "దాన్ని ఎలాగోలా పంపించెయ్, పోటీ దాకా ప్యాడ్ బతకాలి" అంది. అదీ చిట్టి అంటే!

మర్నాడు రాత్రి ఇద్దరూ ఆ గదిలోనే, మడత పెట్టిన పరుపుల వెనక నక్కారు. బావ చేతిలో క్రికెట్ బ్యాట్. దెయ్యాన్ని బ్యాటుతో కొడతాడట, మేధావి.

ఇల్లు సద్దుమణిగింది...

తలుపు కిర్రుమనలేదు. అదే భయం! ఎవరో అలవాటైన చేత్తో, చప్పుడు రాకుండా, కొంచెం పైకెత్తి మరీ తీశారు.

తెల్లటి బట్టలు. విరబోసుకున్న జుట్టు. లైటు వెయ్యలేదు. టీవీ వెలిగింది... పాట లేదు, బొమ్మ మాత్రమే. ఆ నీలం వెలుతురులో ఆకారం వచ్చి ప్యాడ్ ఎక్కింది.

దబ్... దబ్... దబ్...

ఎడమ కాలు పడ్డప్పుడల్లా నేల అదురుతోంది. జుట్టు ఎగురుతోంది. ముక్కుల్లోకి అదే వాసన... అదే మందు నూనె... చిట్టి అరవకుండా ఉండటానికి బావ భుజం కొరికేసింది. గాటు నాకు చూపించాడు, ఇంకా ఎర్రగానే ఉంది.

ఆకారం ఆగింది. రొప్పింది. వంగింది. బకెట్లోంచి తడిగుడ్డ తీసి పిండి... ప్యాడ్ తుడవడం మొదలెట్టింది. ఫినాయిలుతో!

దెయ్యం ఇల్లు తుడవడం మీరెక్కడైనా విన్నారా? చిట్టి లేచి టక్కున లైటేసింది.

తెల్ల నైటీలో అత్తయ్య. మోకాళ్ళ దాకా కీళ్ళనొప్పుల నూనె, మెరిసిపోతూ.

అత్తయ్యే మెల్లగా అంది. "లైటు ఆపవే. ఇంకో పాట మిగిలుంది."

"అమ్మా... ఏ-ఏ-ఏ నువ్వా?"

"పేరెలా కొట్టాలో తెలీలేదే."

"మరి ఆ చచ్చిపోయిన అమ్మాయి?"

"ఏ అమ్మాయి? ముందున్నవాళ్ళకి పిల్లలే లేరు. మీరు పైకి రాకుండా ఏదో ఒకటి చెప్పాలిగా! పగలంతా వార్డులో నిలబడితే కాళ్ళు కొయ్యలైపోతున్నాయి. దీనెక్కితే నొప్పి తెలీట్లేదు. పొద్దంతా చదువుకోమని మిమ్మల్ని అరిచి, నేనే ఎగురుతుంటే ఏం బావుంటుంది?"

అదీ సంగతి. ప్యాడ్‌ని కోస్తే బావకి అంతా అర్థమైంది. లోపల రెండు పల్చటి షీట్లు, మధ్యలో చిల్లుల స్పాంజి. కాలేస్తే చిల్లులోంచి షీట్లు రెండూ కలవాలి, తీస్తే విడిపోవాలి. ఈవిడ నూనె కాళ్ళతో తొక్కుడు. కుడి మోకాలు నొప్పి కాబట్టి బరువంతా ఎడమ కాలి మీదే. తర్వాత శుభ్రం శుభ్రం అని తడిగుడ్డ. ఆ తడంతా కుట్లలోంచి లోపలికి. ఆరకముందే నాలుగు మడతలు పెట్టి పరుపు కింద తోసెయ్యడం. మడత దగ్గర షీటు మీది గీతలు తెగిపోతాయి. స్పాంజి కుళ్ళి అణిగిపోయి షీట్లు అంటుకుపోతాయి, ఎవరూ తొక్కకుండానే బాణం టక్ టక్. నూనెకి బొద్దింకలు కూడా విందుకొచ్చాయి. ఊడిన జుట్టు ఆవిడదే, తుడిచినప్పుడల్లా తడిగుడ్డతో పాటు జిప్పు సందులోంచి లోపలికి పోయింది. చేతులు కడుక్కోమని మనల్ని చంపే మనిషి రా ఆవిడ!

ఆ రాత్రితో నాలుగోది కూడా పోయింది.

చిట్టి ఏడవలేదు. తాళంకప్ప తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. "ఎవరికేస్తావో వెయ్యి" అంది. అత్తయ్య తల వంచుకుంది. అప్పుడు చిట్టి అసలు మాట చెప్పింది. "అన్నయ్య వద్దు. పోటీకి నాతో నువ్వు రా."

అదీ ఇప్పుడు పైన దబ్ దబ్. ప్యాడ్ లేదు కాబట్టి నేల మీద సుద్దముక్కతో బాణాలు గీసుకుని తల్లీకూతుళ్ళు ఎగురుతున్నారు. అత్తయ్య కాళ్ళకి సాక్సులు, నూనె బంద్. బావ చప్పట్లు కొట్టే డ్యూటీ. రేపు కొట్టేస్తారనే నా నమ్మకం.

ఆగండి, చిట్టి నీళ్ళకి కిందికొచ్చింది. ఒక్క డౌటు మిగిలిపోయింది, అడిగేస్తా. ముందు చచ్చిన ఆ మూడు ప్యాడ్లూ ఏమయ్యాయని.

అడిగా.

"అమ్మ ఏదైనా పారేస్తుందా వదినా? స్పాంజి ఇంకా పనికొస్తుందని ముక్కలు కోసి, చుట్టాలొస్తే ఉంటాయని..."

ఆగిపోయింది. నా మొహంలోకి చూడట్లేదు. నా తల కిందకి చూస్తోంది.

ఏయ్...

సాయంత్రం నుంచీ ఈ మందు వాసనేంట్రా, నర్సు ఇల్లు కదా అనుకుంటున్నా...

నా చెంప జిడ్డుగా ఉంది.

ఇప్పుడే... దిండులో ఏదో కదిలింది.